అడుగు కనిపించిన చెరువు

ఆ వానాకాలం మొదట్లో మా బావ వలలో పడినంత పెద్ద చేపలు అంతకుముందెప్పుడూ పడలేదు.

తడి గోనెలో చుట్టి, భుజాన వేసుకుని, బస్సు దిగి మా లాండ్రీ దాకా నడిచొచ్చేవాడు. వీధిలో వాళ్ళంతా చూసేలా గోనె విప్పి కౌంటరు మీద పరిచేవాడు.

"చూడు మరదలా! దీనికి కూడా టిక్కెట్టు తీసుకోమని కండక్టరు ఒకటే గొడవ. కిటికీ పక్క సీటిస్తే తీసుకుంటానన్నాను."

"బావా, కౌంటరు మీద కాదు! ఆసుపత్రి దుప్పట్లున్నాయక్కడ."

"పోనీలే, ఆ వాసనకైనా రోగులు లేచి కూర్చుంటారు."

వెనకాల బుట్ట నెత్తిన పెట్టుకుని మా అక్క వచ్చేది. వారం వారం చేపలు అమ్మడానికి ఊళ్ళోకి వచ్చి, పని అయ్యాక నా దగ్గర కాసేపు కూర్చుని, సాయంత్రం బస్సుకి కొండమీదికి వెళ్ళిపోయేది. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది అక్కే. వారం వారం వస్తుందని తెలిసినా ఆమె బస్సెక్కుతుంటే చూడలేకపోయేదాన్ని. ఎవరు గడప దాటినా అంతే నాకు. తలుపు దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ లోపలికి వచ్చేస్తాను.

అక్క ఆ చేప మొప్ప ఎత్తి చూసింది. పక్కనున్నవాటివీ చూసింది.

"అన్నీ ముసలివేనే. ఒక్క పిల్లా పడ్డంలేదు."

"పెద్దవి పడితే ఏడుపు, చిన్నవి పడితే ఏడుపు" అన్నాడు బావ. "మీ అక్కని కష్టపెట్టాలంటే సుఖపెడితే చాలు మరదలా."

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది, కానీ చేతిలోని మొప్ప వదల్లేదు.

మా ఆయన మేస్త్రీ. ఊళ్ళో రాగి ఫ్యాక్టరీ పొగగొట్టం ఎత్తు పెంచిన ముఠాకి పెద్ద. అంతకుముందు గొట్టం పొట్టిగా ఉండేది. పొగంతా మా ఇళ్ళమీదే దిగేది. ఉతికి ఆరేసిన దుప్పటి తీసేసరికి నల్లటి చుక్కలు. మళ్ళీ ఉతకాలి. అది పెద్ద కష్టం కాదు. మా పాప దగ్గు అసలు కష్టం. పక్కటెముకలు పైకి లేచి, పెదాలు రంగు మారేదాకా దగ్గేది. అక్క తన ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేడినీళ్ళ గిన్నె ముందు పెట్టి, ఇద్దరి మీదా దుప్పటి కప్పుకుని కూర్చునేది. దుప్పట్లోంచి ఆమె గొంతు వినబడుతుండేది. "ఇంకొక్కసారి పీల్చు బంగారం. ఇంకొక్కసారి."

గొట్టం పైకి లేచాక పొగ మా మీదుగా వెళ్ళిపోయింది. దుప్పట్లు తెల్లగా ఆరాయి. పాప దగ్గు తగ్గింది, తర్వాత పూర్తిగా పోయింది. ప్రారంభం రోజున ఫ్యాక్టరీవాళ్ళు మా ఆయనకి శాలువా కప్పారు. బావ ఆయనకి 'ఆకాశం మేస్త్రీ' అని పేరు పెట్టి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. పొగ ఎక్కడికి పోతోందని ఊళ్ళో ఎవరూ అడగలేదు. కళ్ళముందు లేదు, అంతే.

*

తొలి వానలు పడ్డాక పాపని తీసుకుని మేం కొండమీదికి వెళ్ళాం. అక్కావాళ్ళ ఇల్లు చెరువు ఒడ్డునే. ఇంటి పక్కన రేకుల షెడ్డు. వానలు మొదలవగానే తల్లి చేపల కడుపు నొక్కి గుడ్లు తీసి, అందులో చెరువు నీళ్ళు నింపిన ట్రేలలో పొదిగించి, పిల్లలయ్యాక చెరువులో వదిలేవాళ్ళు. వాళ్ళ ఏడాది బతుకంతా ఆ ట్రేలలోనే ఉండేది.

బావ మమ్మల్ని ముందు పడవెక్కించాడు.

"కిందికి చూడండి. అద్దం! నా చిన్నప్పుడు కూడా ఇట్లా లేదు. ఆదివారాలు ఊళ్ళోవాళ్ళు చూడ్డానికొస్తున్నారు తెలుసా?"

చూశాను. నీలంగా, లోతుగా, కదలకుండా ఉన్నాయి నీళ్ళు. అడుగున రాళ్ళు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. ఆ రాళ్ళ మధ్య ఒక ఇత్తడి గరిటె మెరుస్తోంది. పాప పుట్టకముందు, గిన్నెలు తోముతుంటే నా చేతిలోంచి జారిపోయిన గరిటె అది. అక్క అప్పుడు నన్ను ఎంత తిట్టిందో.

"అక్కా, నీ గరిటె!"

"దొరికింది కదా, తియ్యి మరి" అంది ఒడ్డునించి.

పాప చెయ్యి చాచింది. బావ దాని నడుం పట్టుకున్నాడు. "అందుతుందనిపిస్తుంది అమ్మడూ. దిగితే రెండు నిలువుల లోతు."

ఆ మధ్యాహ్నం పెద్ద వాన కురిసింది. వసారాలో కూర్చున్నాం. వాన వెలిశాక అంతా నిశ్శబ్దం. చూరునించి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏదో వెలితిగా ఉంది కానీ అదేంటో నాకు అందలేదు. అక్కే అంది.

"కప్పలు అరవట్లేదు."

అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో వాన పడితే కప్పల గోలకి మనిషి మాట మనిషికి వినబడేది కాదు.

తర్వాత షెడ్డులోకి తీసుకెళ్ళింది. ట్రేలలో గుడ్లు. బతికున్న గుడ్డు గాజుపూసలా ఉంటుంది, లోపలిదంతా కనబడుతుంది. చచ్చిన గుడ్డు తెల్లబడుతుంది. అక్క ఈక మొనతో తెల్లబడ్డవాటిని ఒక్కొక్కటే పక్కకి లాగుతోంది. వదిలేస్తే పక్కవాటికి బూజు పడుతుందట. లాగుతున్నకొద్దీ కొత్తవి తెల్లబడుతున్నాయి.

"పోయిన ఏడాదీ ఇంతే" అంది తలెత్తకుండా. "అంతకుముందు ఏడాది కొంచెం నయం. మీ బావకి చెప్పలేదు నేను. నీళ్ళు చూసుకుని మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు." ఇంకో గుడ్డు పక్కకి లాగి, అదే గొంతుతో అంది. "సముద్రం దగ్గర వాళ్ళ అన్నగారున్నారు కదా. ఐసు ఫ్యాక్టరీలో ఇద్దరికీ పని ఇప్పిస్తామని రమ్మంటున్నారు. ఈ వానాకాలం పిల్లలు పొదిగితే ఉంటాం. లేకపోతే వెళ్ళాలి."

సముద్రమంటే రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ. ట్రే అంచు పట్టుకున్నాను.

"పట్టుకోకే, కదిలితే ఉన్నవి కూడా పోతాయి" అంది అక్క.

*

నీళ్ళ పరీక్షలమ్మాయి వచ్చింది ఆ వారంలోనే. ప్రభుత్వం పంపితే చెరువు చెరువుకీ తిరుగుతోంది. చిన్న వయసు, పెద్ద బూట్లు, మెడలో తడి తువ్వాలు. ఒక కాగితం ముక్క నీళ్ళలో ముంచి పైకెత్తింది. అది ఎర్రబడింది. ఇంకోచోట ముంచింది. అదీ ఎర్రబడింది.

"ఏం తల్లీ, బాగోలేవా మా నీళ్ళు?" అన్నాడు బావ. "తాగి చూడు. దేశంలో ఇంత శుభ్రమైన నీళ్ళు లేవు."

"శుభ్రంగానే ఉంటాయండీ. నీళ్ళని పచ్చగా చేసే నాచు లేదు, పురుగు లేదు, నత్త లేదు. బతికేవి బతకట్లేదు కాబట్టే అడుగు కనబడుతోంది. నీళ్ళు పులిశాయి."

"పులవడానికి అవేమైనా పాలా?"

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. మెట్టు మీద కూర్చుని చెప్పింది. బొగ్గు కాల్చినా, రాళ్ళలోంచి రాగి కరిగించినా గంధకం పొగ లేస్తుంది. మోటార్ల పొగా తోడవుతుంది. అది మబ్బుల్లో నీళ్ళతో కలిసి ఆమ్లమవుతుంది. వానై పడుతుంది, పొడిగా ఉన్నప్పుడు దుమ్మై ఆకుల మీద కూర్చుంటుంది. ఎండాకాలమంతా కూర్చున్నది తొలి వానకి ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. సరిగ్గా చేపలు గుడ్లు పెట్టే వేళకి.

"అన్ని చెరువులకీ పడుతుంది కదా? మాకే ఎందుకు?" అంది అక్క.

"కింద సున్నపురాయి ఉన్న నేలైతే అది పులుపుని విరిచేస్తుందమ్మా. మీ కొండ ఉత్త నల్లరాయి, పైన జానెడు మట్టి. ఆ పులుపు మట్టిలోని సత్తువని కడిగేస్తుంది. అందుకే పైన చెట్ల చివళ్ళు ఎండుతున్నాయి. మట్టిలోంచి అల్యూమినియం లాక్కుని చెరువులోకి తెస్తుంది. అది చేపల మొప్పల్లో జిగురు కట్టిస్తుంది. ముసలి చేపలు కొన్నాళ్ళు ఓర్చుకుంటాయి. తిండికి పోటీ లేదుగా, బాగా పెరుగుతాయి కూడా. పిల్లలే నిలవవు."

అక్క బావ వంక చూడలేదు. చూసుంటే బాగుండేదనిపించింది నాకు.

"ఆ పొగ ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నారు మా ఆయన. అంతసేపూ ఆయన గోడకానుకుని నిలబడే ఉన్నారు.

"గాలి ఎటునించి వస్తే అటునించి. పొట్టి గొట్టాలున్నప్పుడు చుట్టుపక్కలే దిగేది. ఇప్పుడు అందరూ ఎత్తు పెంచుతున్నారు. ఎత్తు పెంచితే పొగ తగ్గదండీ, దూరం వెళ్తుంది. కింద ఊళ్ళో ఒకటి కట్టారు చూశారా, అదే ఇటు…" అని కాగితాలు సర్దుకుంటూ ఆగింది. "మీరేం చేస్తుంటారు?"

కొత్తవాళ్ళెవరు కనబడినా 'మా ఆకాశం మేస్త్రీ' అని మొదలుపెట్టే బావ, మా ఆయన నోరు తెరవకముందే అందుకున్నాడు.

"మా తమ్ముడు. లాండ్రీ వాళ్ళది."

తర్వాత వాన గురించి, బస్సు గురించి ఏవో మాట్లాడుకున్నారు. ఆ అమ్మాయి వెళ్ళబోతుంటే మా ఆయన గేటు దాకా వెనకే వెళ్ళి అడిగారు.

"సున్నం వేస్తే విరుగుతుందా?"

"కొన్నిచోట్ల చెరువుల్లో వేసి చూస్తున్నారు. కొన్నాళ్ళు ఆగుతుంది."

కొన్నాళ్ళు అన్న మాట నేను విన్నాను. ఆయన విన్నారో లేదో తెలీదు.

*

మేస్త్రీకి సున్నం ఎక్కడ దొరుకుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. కాల్చిన సున్నం వద్దని, ఉత్త సున్నపురాయి పొడి కావాలని బట్టీవాళ్ళని బతిమాలారు. అది సరిపోనప్పుడు కాల్చిందే తడిపి చల్లార్చి తెచ్చారు. సెలవు దొరికినప్పుడల్లా లారీలో ఎక్కించుకుని కొండమీదికి. నేను లాండ్రీకి తాళం వేసి వెంట వెళ్ళేదాన్ని. అక్క తెడ్డు వేసేది. బావా ఆయనా చెరొక వైపు కూర్చుని మూతి విప్పిన బస్తాని అంచుమీంచి కొంచెం కొంచెం వదిలేవాళ్ళు. నీళ్ళలో తెల్లటి మబ్బు విచ్చుకుని, నెమ్మదిగా కిందికి దిగి, గరిటెని కప్పేసేది.

"ఇంటికి వెల్ల వేయించమంటే ఏడాది నుంచీ బద్ధకం" అంది అక్క. "చెరువుకి వేస్తున్నారు."

"ఇల్లు తర్వాత. చెరువు మన వీధి అరుగు కదా, ముందు దానికి" అన్నాడు బావ. కనుబొమల దాకా తెల్లబడి ఉన్నాడు.

మా ఆయన నవ్వలేదు. ఆయన అరచేతులు పగిలి, పగుళ్ళలో సున్నం చేరి ఎర్రగా పొక్కాయి. సాయంత్రం అక్క ఆ చేతులకి నూనె రాస్తుంటే ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. అన్నం కలపలేకపోతుంటే నేను కలిపి పెట్టాను. పాప చూసి పడీపడీ నవ్వింది. "నాన్న చిన్నపిల్లాడు!"

ఎన్ని వారాలు అలా మోశామో లెక్క లేదు. నాకు గుర్తున్నదల్లా అలసట. బస్సులో నిలబడే నిద్రపోయేదాన్ని. కలలో కూడా బస్తా మూతి విప్పుతుండేదాన్ని.

ఒక పొద్దున అక్క షెడ్డులోంచి కేకేసింది. ఏమైందోనని నేను చెప్పుల్లేకుండా పరిగెత్తాను. కొత్తగా గుడ్లు పోసిన ట్రే మీదికి వంగి ఉంది.

"చూడు. కళ్ళు."

ఆవగింజ మొనంత నల్లచుక్కలు, గాజుపూస లోపల రెండేసి. ఆ ట్రే నిండా మావంకే చూస్తున్నాయి. గుడ్డులో కళ్ళొస్తే గండం సగం గడిచినట్టే అంది అక్క. బావ పాపని భుజాలకెత్తుకుని షెడ్డంతా తిప్పాడు. ఆ రోజు చెరువు అంచున, ఎక్కడో గడ్డిలో, ఒక కప్ప అరిచింది. ఒక్కటే. అందరం పని ఆపి విన్నాం. అది మళ్ళీ అరవలేదు గానీ, మాకు ఆ ఒక్క అరుపే చాలు.

సముద్రం మాట ఎత్తడం మానేశాను నేను. ఎత్తకపోతే ఆ ప్రయాణం దానంతటదే ఆగిపోతుందని నా ఆశ.

*

తర్వాత ముసురు పట్టింది. ఊళ్ళో వీధులు మునిగాయి, బస్సులు ఆగాయి. అన్ని రోజులూ నేను ఆరని దుప్పట్ల మధ్య కూర్చుని కొండవైపు చూస్తూనే ఉన్నాను. కొండ కనబడలేదు, మబ్బే కనబడింది. ఆ మబ్బులోకి మా గొట్టం పొగ తిన్నగా వెళ్ళి కలుస్తోంది. మా ఆయన కిటికీ దగ్గరికి రాలేదు.

దారి తెరుచుకోగానే వెళ్ళాం. కొండ మీద వాగులన్నీ విరుచుకుపడి ఉన్నాయి. మేం చెరువుకి మందు వేశాం, కొండకి ఎవరు వేస్తారు? మట్టిలో ఏళ్ళ తరబడి ఇంకిన పులుపంతా ఆ వాగుల్లో దిగింది. ఒడ్డున పెద్ద చేపలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి, నోళ్ళు తెరుచుకుని. బావ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కదాన్నే ఒడ్డుమీదికి తెస్తున్నాడు. నన్ను చూసి ఏదో అనబోయాడు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఉండేది బావ నోట. అప్పుడు ఇంకో చేప కోసం వంగాడు.

షెడ్డులో అక్క ఈకతో పని చేస్తోంది. ట్రే తెల్లగా ఉంది, అన్నం ఆరబోసినట్టు. ఆ తెలుపులోంచే కళ్ళు మసకగా కనబడుతున్నాయి.

"మిగిలినవి ఉన్నాయా అక్కా?"

అక్క ఇంకో నాలుగు లాగింది. తర్వాత ఈకని నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, కిటికీ సందులో గుచ్చింది.

"ఇక చాల్లే" అంది.

ఇంకో లారీ సున్నం తెస్తానన్నారు మా ఆయన. బావ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "చేతులు చూసుకున్నావా తమ్ముడూ? నువ్వు లారీలో తెస్తావు, ఆ పొగ మబ్బులో తెస్తుంది. ఎక్కడ సరితూగుతావు?"

*

వాళ్ళు రైలెక్కడానికి ఊళ్ళోకి దిగినరోజు స్టేషనుకి నేను చాలా ముందే వెళ్ళి కూర్చున్నాను. ఆలస్యమైతే చూడలేనని భయం, చూడాల్సివస్తుందని భయం. రెండు ట్రంకుపెట్టెలు, ఒక పరుపు చుట్ట, చుట్టిన వల. ఆ వల సముద్రంలో దేనికీ పనికిరాదని బావకీ తెలుసు.

మా ఆయన స్తంభం పక్కన నిలబడ్డారు, దగ్గరికి రాకుండా. నేనే ఉండబట్టలేక అక్క చెయ్యి పట్టుకున్నాను.

"ఆయనకి నిద్ర పట్టట్లేదక్కా. నేను కట్టకుండా ఉండాల్సింది అంటున్నారు. ఆ గొట్టం లేకపోతే మీరిక్కడే…"

"పాప దగ్గట్లేదుగా?" అంది అక్క.

నేను పాప వంక చూశాను.

"చెప్పవే. దగ్గుతోందా?"

"లేదు."

"మరింకేం? ఆ పరీక్షలమ్మాయి చెప్పకముందే నాకు అనుమానం. దీని దగ్గు తగ్గినప్పటినించే కదా నా గుడ్లు తెల్లబడ్డాయి." పాప జడ ఊడితే మళ్ళీ అల్లుతోంది, పళ్ళ మధ్య రిబ్బను. అది తీసి కట్టింది. "దుప్పట్లో కూర్చుని దీని ఊపిరి లెక్కపెట్టింది నేను. ఆయనతో చెప్పు, నిద్రపొమ్మని."

రైలొచ్చింది. బావ కిటికీలోంచి తల బయటపెట్టి, స్తంభం వైపు అరిచాడు. "ఆకాశం మేస్త్రీ! ఎక్కడున్నావయ్యా, కిందికి దిగు! ఒకసారి చెయ్యైనా ఊపు!"

ఆయన ఊపారు. నేను ఊపలేదు. నీళ్ళ సీసా మర్చిపోయారని గుర్తొచ్చి, అది తేవడానికి కుళాయి దగ్గరికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పట్టాలు ఖాళీగా ఉన్నాయి. సీసా నిండా నీళ్ళు.

*

ఆ తర్వాత ఆయన ఎత్తు పనులకి పోలేదు. ప్రహరీలు, అరుగులు, నీళ్ళ తొట్లు కట్టారు. నేను ఆసుపత్రి మూటలకి చుట్టిన పేపర్ల మీద కూడబలుక్కుని నేర్చుకున్న చదువుతో, లైబ్రరీలో ఈ ఆమ్లవానల గురించి దొరికిందల్లా చదివాను. రాతి బొమ్మల ముక్కులు కరిగిపోవడం, వంతెనల ఇనుము తినేయడం, మన్ను సారం పోయి అడవులు నిలువునా ఎండటం. చదివినకొద్దీ భయం పెరిగిందే గానీ తగ్గలేదు. చాలా ఏళ్ళ తర్వాత ప్రభుత్వం పట్టుబడితే ఫ్యాక్టరీవాళ్ళు పొగని కడిగే యంత్రం పెట్టారు. ఆయన కర్ర పట్టుకుని వెళ్ళి చూసొచ్చారు. వచ్చి మంచం మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటూ అన్నారు.

"సున్నం నీళ్ళే చల్లుతున్నారే లోపల. మనం పోసిందే. బయటికి రాకముందే పోస్తున్నారు." రెండో చెప్పు కూడా విప్పి మళ్ళీ అన్నారు, నాతో కాదు. "అంతే పని."

ఆయన పోయారు. అక్కడ బావా పోయాడు. అక్క నాతో ఫోన్లో మాట్లాడుతుంది. ప్రయాణం చెయ్యగల ఒళ్ళు కాదు ఆమెది, నాదీ కాదు. పోయిన వానాకాలం మాత్రం మా అమ్మాయి బలవంతాన కారులో నన్ను కొండమీదికి తీసుకెళ్ళింది. షెడ్డు లేదు. ఇంటి మెట్లున్నాయి. చివరి మెట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టాను. చల్లగా ఏదో పాదాన్ని పొడిచింది. మళ్ళీ పొడిచింది. వంగి చూస్తే గోటి ముక్కంత చేపపిల్ల, అలాంటివే నాలుగైదు. కదిలితే పోతాయని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అమ్మాయి భయపడి ఏమైందమ్మా అని పరిగెత్తుకొచ్చింది. చెయ్యెత్తి ఆపి, ఫోను ఇమ్మని సైగ చేశాను.

"ఎక్కణ్ణించే?" అంది అక్క. వినబడదు, అందుకని తనే అరుస్తుంది.

"చెరువు దగ్గర్నించి."

ఈసారి అరవలేదు తను.

"నీళ్ళెలా ఉన్నాయి?"

"మురికిగా ఉన్నాయక్కా. పచ్చగా, పాచి పట్టి."

"గరిటె కనబడుతోందా?"

"లేదు. అసలు అడుగే కనబడ్డంలేదు."

"ఆఁ?"

"అడుగు కనబడ్డంలేదక్కా!"

"వినబడింది" అంది. "మళ్ళీ చెప్పు."